ఈ.కోలైలో తయారైన మానవ ప్రోటీన్ కొనాలా, మానవ కణాల్లో తయారైనదా?

మీ పరిశోధనకు ఒక మానవ రీకాంబినెంట్ ప్రోటీన్ (అంటే మనిషి జన్యువును వేరే కణాల్లో పెట్టి చేయించిన ప్రోటీన్) కావాలి, ఈ.కోలై బ్యాక్టీరియాలో చేసినది చవక, మానవ కణాల్లో చేసినది ఖరీదు, ఏది మేలు అని అడిగారు. హనుమకొండలో ఆరేళ్లు చర్మ కణాలతో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఆ ప్రోటీన్ పని దానికి అతికి ఉండే చక్కెర గొలుసుల మీద ఆధారపడి ఉందో లేదో చూసుకోండి. ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపొయిటిన్ హార్మోన్ వంటిది చక్కెర గొలుసులు లేకపోతే ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. వాటిని ఈ.కోలై తగిలించలేదు కాబట్టే మందుగా వాడేదాన్ని చైనీస్ హామ్‌స్టర్ అనే ఎలుక లాంటి జంతువు అండాశయ కణాల్లో తయారు చేస్తారు. నేను వాడిన ఇ.జి.ఎఫ్. (చర్మ కణాలను పెరిగేలా చేసే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్) మాత్రం 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. దానికి ఆ గొడవ లేదు, ఈ.కోలైదే చాలు. 1982లో అమెరికాలో అనుమతి పొందిన మానవ ఇన్సులిన్ కూడా ఈ.కోలై చేసిపెట్టినదే. చవక కదా అని చిన్నచూపు చూడకండి. మీరు వాడేది రోగనిరోధక కణాల మీదైతే మాత్రం ఎండోటాక్సిన్ (ఈ.కోలై పైపొర నుంచి వచ్చే విషపదార్థం) ఎంత ఉందో తప్పక చూడండి.

అయితే నా అనుభవంలో ప్రోటీన్ పాడయ్యేది తయారైన చోట కాదు, మన చేతుల్లో.

మాకు నిధులు ఫిబ్రవరిలో వచ్చేవి. మార్చి 31లోగా ఖర్చు చూపాలి. మూడు కొటేషన్లు, సంతకాలు అయ్యేసరికి నెల గడిచిపోయేది, సరుకు నడి వేసవిలో దిగేది. ఆ ఏడాది రెండు సీసాల ఇ.జి.ఎఫ్. మే నెలలో, రెండో శనివారం నాడు వచ్చింది. సెక్యూరిటీ గదిలో రేకుల కప్పు కింద సోమవారం దాకా ఉండిపోయింది. బయట 43 డిగ్రీలు. పెట్టెలో ఐస్ ప్యాకులు నీళ్లయిపోయాయి.

నేను వెళ్లేసరికి కొత్తగా చేరిన అమ్మాయి అప్పటికే ఒక సీసా తెరిచేసింది. "అక్కా, ఇందులో ఏమీ లేదక్కా, ఖాళీ సీసా పంపించారు" అంది. సీసాను బోర్లించి అరచేతిలో తట్టి మరీ చూసిందట. అందులో ఉండేది 100 మైక్రోగ్రాముల పొడి, అంటే మిల్లీగ్రాములో పదో వంతు. అది కంటికి ఆనదు. సీసాను వెలుతురుకు పట్టి చూశాను. అడుగున ఏమీ లేదు. మూత లోపలి అంచున, గంజి ఎండిన మరకలా సన్నని తెల్లటి పొర, అదీ కొంచెమే. మిగిలింది ఎక్కడ రాలిపోయిందో!

ఉన్నదాన్నే కరిగించి వాడాం. కణాల పొర మీద పిపెట్ మొనతో గీత గీసి, అది ఎంత త్వరగా పూడుతుందో చూసే ప్రయోగం మాది. మర్నాడు చూస్తే ప్రోటీన్ వేసిన గిన్నెకూ వేయని గిన్నెకూ తేడా లేదు. అందరూ ఎండను తిట్టారు, కొరియర్‌ను తిట్టారు. రెండో సీసాను తెరవకముందే సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిరగిరా తిప్పే యంత్రంలో, అర నిమిషం తిప్పాను. పొడి అంతా అడుగుకు దిగాక ఒక మిల్లీలీటరు నీళ్లు నెమ్మదిగా పోసి, కుదపకుండా పది నిమిషాలు వదిలేశాను. మర్నాటికి గీత దాదాపు పూడిపోయింది. అది కూడా అదే ఎండలో, అదే గదిలో మగ్గిన సీసానే! కాబట్టి తప్పు ఎండది కాదు, మూత తీసిన తీరుది. ఇందులో నాకు సందేహం లేదు.

ఆ పిల్లను అందరి ముందూ మందలించడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. తెరిచే ముందు తిప్పాలని పెట్టెలోని కాగితం మీద ఉంది, చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లకు ఆ కాగితం చూడమని చెప్పిన వాళ్లెవరు? ఆ సాయంత్రమే తెలుగులో రాసి ఫ్రీజర్ తలుపుకు అంటించాను: సీసా ఖాళీగా కనిపించినా ఖాళీ కాదు, ముందు తిప్పండి, కరిగించిన రోజే చిన్న చిన్న గొట్టాల్లోకి పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి, ఒకసారి కరిగిన గొట్టాన్ని మళ్లీ గడ్డకట్టించవద్దు. బాగా పల్చగా కలిపేటప్పుడు 0.1 శాతం బి.ఎస్.ఏ. (ఆవు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ప్రోటీన్) కలపమని కూడా రాశాను. లేకపోతే ప్రోటీన్ గొట్టం గోడలకే అతుక్కుపోతుంది. బి.ఎస్.ఏ. ముందే ఆ గోడలను పట్టుకుని మన సరుకును కాపాడుతుంది.

ఇదంతా పొడి రూపంలో వచ్చే వాటి సంగతి. మీది ద్రవరూపంలో, డ్రై ఐస్‌లో వచ్చేదైతే ఎండకు తట్టుకోదు. మీ ఆఫీసు వాళ్లను బతిమాలైనా సరే, డిసెంబరులో తెప్పించుకోండి.