మిల్లీసెకన్లకు అందని ప్రశ్న

తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం నిదానంగా చదివాను. భాష మీద నీకు పట్టుంది, సంతోషం. కానీ “మనిషికి స్వేచ్ఛ లేదని సైన్స్ నిరూపించేసింది” అని తేల్చేసిన చోట ఆగిపోయాను. నువ్వు చూపించిన ఆధారం అంత బరువు మోయదు.

నువ్వు ప్రస్తావించింది అమెరికన్ మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ బృందం 1983లో ప్రచురించిన ప్రయోగం. అక్కడ ఏం జరిగిందో చెప్పకుండానే తీర్పులోకి దిగిపోయావు. పాఠకుడికి ముందు ఆ గది చూపించాలి. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి తలకి ఎలక్ట్రోడ్లు పెట్టారు. ఎదురుగా గడియారం ముల్లులా ఒక వెలుగు చుక్క తిరుగుతుంటుంది, చుట్టుకి 2.56 సెకన్లు. ఎప్పుడు అనిపిస్తే అప్పుడు చెయ్యి కదపమన్నారు, అలా అనిపించినప్పుడు చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చెప్పమన్నారు. కదలికకి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే, అంటే అర సెకనుకి పైగా ముందే, మెదడులో విద్యుత్ సంకేతం మొదలైంది. కదపాలనిపించిందని వాళ్లు చెప్పిన క్షణం మాత్రం కదలికకి సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. ఈ రెంటికీ మధ్య ఉన్న మూడోవంతు సెకను మీదే, మనకి తెలిసేలోపే మెదడు నిర్ణయించేసిందని, నీ వ్యాసమంతా నిలబెట్టావు.

అక్కడ కొలిచిన నిర్ణయం ఎలాంటిదో ఆలోచించు. ఇప్పుడు కదిపినా, కాసేపాగి కదిపినా పోయేదేమీ లేదు. కువైట్ వెళ్లి అప్పు తీర్చాలా, ఊళ్లోనే ఉండి మంచాన పడ్డ తల్లిని చూసుకోవాలా అని నెలల తరబడి నలిగేవాడి నిర్ణయం కూడా ఇదే కోవలోదేనా? ప్రయోగం ఆ సంగతి చెప్పదు. చెప్పిందని రాసింది నువ్వు.

లిబెట్ కూడా నీ అంత దూరం వెళ్లలేదు. మొదలైన కదలికను ఆఖరి క్షణంలో వద్దనుకుని ఆపే వీలు మనిషికి ఉందని ఆయన నమ్మాడు. 2012లో ఆరన్ షర్గర్ అనే మెదడు శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ సంకేతానికే మరో అర్థం చెప్పారు. నిండు చెరువులో నీళ్లు ఎప్పుడూ ఊగుతూనే ఉంటాయి. గట్టు దాటిన అలలను మాత్రమే ఏరుకుని వెనక్కి లెక్కగడితే, ప్రతిసారీ నీరు ముందునుంచే పైకి లేస్తున్నట్టు కనిపిస్తుంది. మెదడులో సహజంగా ఉండే హెచ్చుతగ్గులను కదలిక వైపు నుంచి వెనక్కి సగటు కట్టడం వల్ల కూడా అలాంటి గీతే రావచ్చన్నారు. ఇక 2008లో మరో బృందం వాళ్లు మెదడు స్కాన్ చూసి, మనిషి నొక్కబోయేది కుడి బటనా ఎడమ బటనా అని కొన్ని సెకన్ల ముందే పసిగట్టారన్న మాట నిజమే. ఆ అంచనా సుమారు 60 శాతమే కుదిరిందని, ఊరికే బొమ్మా బొరుసూ వేసినా 50 శాతం కుదురుతుందని కూడా రాయాలి కదా.

సరే, రేపు నూటికి నూరుపాళ్లు ముందే చెప్పే యంత్రం వచ్చిందే అనుకో. అసలు ప్రశ్న అప్పుడూ మిగిలే ఉంటుంది. నా స్వభావం నుంచి, నా కారణాల నుంచి పుట్టిన పనిని నాది అనొచ్చా? ఒకరు బలవంతపెట్టకపోతే చాలు, వెనక కారణాలున్నా అది స్వేచ్ఛేనన్నాడు స్కాట్లాండ్ తత్త్వవేత్త హ్యూమ్. అది ప్రశ్నను తప్పించుకోవడమేనన్నాడు జర్మన్ తత్త్వవేత్త కాంట్. ఈ తగువులో ఏ స్కానరూ తీర్పు చెప్పజాలదు, ఎందుకంటే తగువు మెదడులో ఏముందన్నది కాదు. దేన్ని స్వేచ్ఛ అనాలి, ఎవరిని ఎంతవరకు బాధ్యులను చేయాలి అన్నది. నేరాలకు శిక్షలు చెప్పే మన చట్టం, భారతీయ న్యాయ సంహిత, 22వ సెక్షన్ చూడు. మానసిక అస్వస్థత వల్ల తన పని ఎలాంటిదో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో చేస్తే నేరం కాదంటుంది. మనిషి ఏ స్థితిలో ఉన్నాడో డాక్టర్ చెప్పగలడు. ఏ స్థితి దాకా క్షమించాలన్న గీత మాత్రం మనుషులు వాదించుకుని గీసుకున్నదే.

ఇంత చెప్పానని రెండో వైపు పడిపోకు. సైన్స్‌కి అందలేదు కాబట్టి పూర్వజన్మ కర్మే కారణమని రాసేవాళ్లు మనలో తక్కువేం లేరు. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బుకి వాడే కొన్ని మందుల వల్ల, అంతకుముందు పేక ముట్టని మనుషులు కూడా జూదానికి బానిసలైన సందర్భాలున్నాయి. మందు తగ్గిస్తేనో మారిస్తేనో చాలామందికి ఆ యావ తగ్గింది. ఇలాంటివి తెలియకుండా బాధ్యత గురించి రాయడం అన్యాయం, మనుషులకే అన్యాయం. స్వేచ్ఛ ఉందని చూపడానికి, అణువుల స్థాయిలో ఏం జరుగుతుందో చెప్పే క్వాంటం సిద్ధాంతాన్ని అడ్డం పెట్టుకోవడం కూడా పనికిరాదు. అణువుల్లో యాదృచ్ఛికత ఉంటే ఉండొచ్చు, దానంతటది తటస్థపడేది నా ఎంపిక ఎలా అవుతుంది?

ఇంకో సంగతి, ఇది మన పాఠకుల కోసం. “మెదడు ముందే నిర్ణయిస్తుంది” అని నువ్వు రాస్తే, చాలామంది దాన్ని తలరాత అనే చదువుకుంటారు. రెండూ ఒకటి కావు. నువ్వు చదివినా చదవకపోయినా పరీక్ష తప్పే రాత ఉంటే తప్పుతావనేది తలరాత. నువ్వు చదవడం కూడా ఆ ఫలితానికి ఒక కారణమనేది కార్యకారణ వాదం. మొదటిది నమ్మినవాడు పుస్తకం మూసేస్తాడు. ఈ తేడాకి ఒక పేరా పూర్తిగా కేటాయించు.

మొదటి పేజీలో ప్రయోగం ఉండనీ, అంకెలతో సహా. ఆఖరి పేజీ కొట్టేసి, కువైట్ టికెట్ ముందు కూర్చున్న ఆ మనిషితో కొత్తగా మొదలుపెట్టు. అతనికి లిబెట్ ఏం చెప్పగలడో, ఏం చెప్పలేడో రాసి పంపు. నెలాఖరు దాకా ఇంట్లోనే ఉంటాను.