గీతలున్నాయి సరే, వయసెంత?

ప్రశ్న: అన్నా, మా కారు 2018లో కొన్నాం. బడికి, సంతకు తప్ప పెద్దగా తీయం. తిరిగింది 27 వేల కిలోమీటర్లే, టైర్ల గీతలు ఇంకా లోతుగానే ఉన్నాయి. మొన్న గాలి పట్టించడానికి పోతే షాపతను పక్కల సన్న బీటలు చూపించి నాలుగూ మార్చాలన్నాడు. అమ్ముకోవడానికి అలా చెప్తాడని మా ఆయన అంటారు. వచ్చే నెల అత్తమామలతో ఐదుగురం తిరుమల కొండకు పోవాలి, ఒకటే టెన్షన్. ముందు రెండు మారిస్తే చాలదా? నైట్రోజన్ పట్టించాలా?
– ఒక టీచర్, చిత్తూరు

జవాబు: చెల్లెమ్మా, నేనూ టైర్లు అమ్ముకునేవాడినే. తిరుపతిలో రేణిగుంట రోడ్డులో ముప్పై ఏళ్లుగా ఇదే పని. మీ ఆయన అనుమానం తప్పు కాదు, బాగున్న టైరును మార్పించేవాళ్లు మాలోనూ ఉన్నారు. అందుకే మా మాట పక్కనబెట్టి, టైరు మీద రాసి ఉన్నది చదవండి.

టైరు పక్క గోడ మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివరి నాలుగంకెలే టైరు పుట్టిన తేదీ. 3117 అని ఉంటే 2017లో 31వ వారం, అంటే ఆగస్టు మొదట్లో తయారైందని. బయటివైపు కనపడకపోతే లోపలివైపు ఉంటుంది, ఫోన్ టార్చి వేసి చూడండి. అయిదేళ్లు దాటాక ఏడాదికోసారి తెలిసినవాళ్లకు చూపించమని, బాగున్నట్టు కనిపించినా పదేళ్లకు తీసేయమని చాలా టైర్ల కంపెనీలే చెప్తాయి. మన చిత్తూరు ఎండలో నిలబెట్టిన కారుకైతే పదేళ్లు ఆగమని నేను చెప్పను.

గీతలు అరిగితే టైరు గుండవుతుంది, అందరికీ కనిపిస్తుంది. (తిరుపతిలో గుండు మనుషులకే అందం.) గీతల మధ్య అడుగున చిన్న గట్లుంటాయి, అరిగి వాటికి సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, ఆ టైరు పని అయిపోయింది. మీ సమస్య అది కాదు. తిరగని బండికి గీతలు అరగవు గానీ రబ్బరు ఎండి గట్టిపడుతుంది. ఆ బీటలు దాని గుర్తే. గోరుకు తగిలేంత లోతుంటే, లేదా పక్కన ఎక్కడైనా బుడిపెలా ఉబ్బితే, కొండ సంగతి అటుంచి కాణిపాకానికి కూడా ఆ టైర్లతో పోవద్దు. ఉబ్బిందంటే లోపలి దారాలు తెగినట్టే.

కొండకు పోయేది రెండో ఘాట్‌లో, దిగేది 1944 నాటి పాత ఘాట్‌లో. అసలు పరీక్ష దిగేటప్పుడే. మలుపు మలుపుకీ ఐదుగురి బరువు ముందు టైరు పక్క గోడ మీద పడుతుంది, బ్రేకుల వేడి రిమ్ముకు, అక్కడి నుంచి టైరుకు పాకుతుంది. తక్కువ గేరులో దిగండి, బ్రేకు మీదే కాలు పెట్టుకుని కూర్చోవద్దు.

డబ్బు ఇబ్బందై రెండే మారిస్తే, కొత్తవి వెనక్కి వేయించండి. అందరూ ముందుకే వేయమంటారు. తడి రోడ్డు మీద ముందు జారితే స్టీరింగులో తెలుస్తుంది, వేగం తగ్గించుకోవచ్చు. వెనక జారితే బండే తిరిగిపోతుంది. కానీ ఇది నాలుగింటికీ ఒకే అరుగుదల లేనప్పటి మాట. మీవి నాలుగూ ఒకే వయసువి. బీటలు లోతైతే నాలుగూ మార్చాల్సిందే.

నైట్రోజనా? మామూలు గాలిలోనే 78 శాతం అదుంది. నైట్రోజన్ పట్టిస్తే కొంచెం నెమ్మదిగా తగ్గుతుందంతే. ఆ డబ్బుతో ఒక గాలి మీటరు కొనుక్కోండి. పొద్దున్నే, బండి తీయకముందు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరులో ఉంటుంది, నిండా మనుషులుంటే వేరే అంకె. టైరు మీద ఉండేది గరిష్ఠం, అంత పట్టించకండి. దారిలో వేడెక్కాక ఎక్కువ చూపించిందని గాలి తీయొద్దు.

స్టెప్నీకీ గాలి చూడండి. ఒకసారి కాణిపాకం నుంచి ఇంటిల్లిపాదితో వస్తుంటే పూతలపట్టు దాటాక పంక్చరైంది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ చప్పగా పడుంది. ఊరందరికీ గాలి పట్టేవాడిని, మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కన టైరు దొర్లించుకుంటూ పంక్చర్ షాపు వెతుక్కున్నాను. మా ఆవిడ ఇప్పటికీ కారెక్కే ముందు డిక్కీ వైపొకసారి చూసి, నా వైపు చూస్తుంది.