కాపర్ టీనా, ఆపరేషనా?

ప్రశ్న: నా వయసు 29, ఇద్దరు పిల్లలు. అత్తగారు ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. మా తోటికోడలు కాపర్ టీ వేయించుకున్నాక నెలసరిలో రెండు గంటలకో ప్యాడ్ మార్చలేక, నాలుగో నెలలోనే తీయించేసుకుంది. నేనేం చేయాలి?
– ఒక సోదరి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ తోటికోడలి బాధను తేలిగ్గా తీసుకోలేం. కాపర్ టీ వేసిన తొలి 3 నుంచి 6 నెలల్లో రక్తస్రావం, కడుపునొప్పి పెరిగినా, చాలామందికి ఆ తర్వాత క్రమంగా సర్దుకుంటాయి. 380ఎ రకం 10 ఏళ్లు పనిచేస్తుంది. తీయించుకుంటే మళ్లీ గర్భం దాల్చవచ్చు. మీకు ఇప్పటికే రక్తస్రావం ఎక్కువగా ఉన్నా, రక్తహీనత ఉన్నా, కాపర్ టీలాగే గర్భసంచిలో అమర్చే, నెలసరి స్రావాన్ని తగ్గించే హార్మోన్ లూప్ గురించి డాక్టరుగారిని అడగండి. ట్యూబెక్టమీ, అంటే ఆడవారికి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, శాశ్వతం కనుక, ఎవరి ఒత్తిడికీ లొంగి ఒప్పుకోవద్దు. అన్నట్టు, మీవారికి చేసే వ్యాసెక్టమీ ఇంతకంటే చిన్న ఆపరేషన్. ఆ మాట మీ ఇంట్లో ఎవరూ ఎత్తకపోతే మీరే ఎత్తండి.