ఆరోసారి ఫోన్ చేసేముందు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. పెద్ద కష్టాలేమీ లేవు, కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏదో ఒక టెన్షన్. మావారు అరగంట ఆలస్యమైతే ఏదో జరిగిందనే అనుకుంటాను. దూరంగా ఉండి చదువుకుంటున్న మా అబ్బాయి ఫోన్ ఎత్తకపోతే వరసగా ఐదారుసార్లు చేస్తాను, వాడు విసుక్కుంటాడు, ఈమధ్య నాతో సరిగ్గా మాట్లాడటమే లేదు. 'చింతకీ చితకీ ఒక్క సున్నాయే తేడా, నీ ఆరోగ్యం పాడవుతుంది' అని మా అక్క అన్నప్పటినుంచి అదొక కొత్త భయం. ధ్యానం మొదలుపెట్టాను. 20 నిమిషాలు కళ్లు మూసుకుంటే మామూలు కంటే ఎక్కువ ఆలోచనలు వస్తున్నాయి. నాకిది పడదేమో. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ధ్యానం సంగతి చెబుతాను. మీకు అది పడకపోవడం కాదు. ఆలోచనలు కొత్తగా పెరగలేదు, రోజంతా పనుల హడావుడిలో వినిపించనివి కాస్త కదలకుండా కూర్చునేసరికి వినిపిస్తున్నాయి, అంతే. ఫ్యాను ఆగినప్పుడే కదా గడియారం చప్పుడు తెలిసేది.

ధ్యానమంటే మనసు ఖాళీ అయిపోవడం అనే మాట వల్ల ఎంతమంది వారం తిరక్కుండానే మానేస్తారో, నాకు వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాలనిపిస్తుంది. రావద్దంటే ఆగేది కాదు ఆలోచన. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలపాటు ఆలోచించకండి, ఒకవేళ గుర్తొస్తే గంట కొట్టండి అని విద్యార్థులకు చెప్పారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత 'సరే, ఇప్పుడు ఆలోచించుకోండి' అంటే, మొదటినుంచీ ఆలోచించమన్నవాళ్ల కంటే వీళ్లకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది. మీరు కూడా కళ్లు మూసుకుని 'అబ్బాయి గురించి ఆలోచించకూడదు' అనుకుంటూ కూర్చుంటే అదే జరుగుతుంది.

అందుకని 20 నిమిషాలు వదిలేయండి, ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. కళ్లు మూస్తే గాబరాగా ఉంటే తెరిచే ఉంచండి, ఎదురుగా నేలమీద ఒకచోట చూపు ఆనించండి, తప్పేమీ లేదు. ఊపిరి పీల్చినదానికంటే కాస్త నిదానంగా వదలండి, ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొద్దిగా తగ్గుతుంది కాబట్టి ఒంటికి కాస్త ఊరటగా ఉంటుంది. ఆలోచన వచ్చిందా, దానికో పేరు పెట్టండి: 'ఇది అబ్బాయి భయం', 'ఇది రేపటి పని'. పేరు పెట్టి మళ్లీ ఊపిరి దగ్గరికి రండి. ఐదు నిమిషాల్లో ముప్ఫైసార్లు మనసు పోయినా సరే, గమనించి ముప్ఫైసార్లు వెనక్కి తెచ్చుకుంటే మీ సాధన జరిగినట్టే. ఆ వెనక్కి తెచ్చుకోవడం కోసమే కూర్చునేది.

మీ అక్కగారు ప్రేమతోనే అన్నారు, కానీ ఆ మాటతో మీకు రెండో చింత పట్టుకుంది, చింత పడుతున్నానే అనే చింత. రోజువారీ టెన్షన్ ఎవరికైనా ఉండేదే, దానికి మీలో ఏదో లోపం వెతుక్కోకండి.

ఇప్పుడు అసలు విషయం, ఫోన్. నన్నడిగితే మీ ఇంట్లో ఎక్కువ నష్టం చేస్తున్నది మీ ఆలోచనలు కావు, ఆ భయాన్ని అప్పటికప్పుడు చల్లార్చుకోడానికి మీరు చేస్తున్న పని. ఒకసారి నెమ్మదిగా గుర్తు తెచ్చుకోండి. వాడు ఎత్తలేదు, గుండె దడ, మళ్లీ చేశారు, ఆరోసారికి ఎత్తాడు, ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఆ ఊరట ఎంతసేపుంది? మహా అయితే ఆ పూట. కానీ మీ మనసు ఒక పాఠం మాత్రం నేర్చేసుకుంది: 'ఫోన్ చేశాను కాబట్టే తగ్గింది.' నిజానికి వాడు ఏ క్లాసులోనో ఉన్నాడు, మీరు చేయకపోయినా క్షేమంగానే ఉండేవాడు, ఆ దడ కూడా కాసేపటికి దానంతటదే దిగేది. అది దిగడాన్ని మీరు ఒక్కసారి కూడా చూడలేదు. చూడందే మనసు నమ్మదు. అందుకే ఈసారి ఒక్కసారే చేయండి, 'వీలైనప్పుడు చెయ్యి నాన్నా' అని మెసేజ్ పెట్టండి, ఫోన్ వేరే గదిలో పెట్టి ఆ దడతో కాసేపు కూర్చోండి. మొదటి నాలుగైదు సార్లు కష్టంగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. రోజూ ఐదు నిమిషాలు కూర్చోవడం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే.

ఇక ఆత్మపరిశీలన. దీన్ని చాలామంది తమను తాము తిట్టుకోవడం అనుకుంటారు. 'నేనెందుకు ఇలా ఉన్నాను' అని అడుగుతూ పోతే ఆ ప్రశ్నకు అడుగు ఉండదు, అర్ధరాత్రి దాకా అడుక్కోవచ్చు. బదులుగా రోజూ ఒకే వేళకు, నిద్రకు మాత్రం బాగా ముందే, ఒకే చోట, 20 నిమిషాలో అరగంటో చింతకోసమే కేటాయించుకుని ఒక నోట్‌బుక్ తెరవండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, థామస్ బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1983లోనే చింత ఎక్కువగా ఉన్నవాళ్ల చేత ఇలా అరగంట పెట్టించి చూశారు, నాలుగు వారాల్లో వాళ్లు చింతపడటం తగ్గింది. మధ్యలో భయం వస్తే 'నీ వేళకు రా' అని ఒక ముక్క రాసిపెట్టుకుని పనిలో పడండి. ఆ వేళ వచ్చాక చాలావాటికి పదునే ఉండదు.

రాసేటప్పుడు భయాన్ని భయంలా రాయకండి, అడిగితే జవాబు దొరికేలా రాయండి. 'వాడికేమైనా అయితే' అన్నదానికి జవాబు లేదు. 'వాడికి జ్వరమొస్తే దగ్గర ఎవరున్నారు, వాళ్ల నంబరు నా దగ్గరుందా' అన్నదానికి ఉంది, రేపే ఆ నంబరు తీసుకోవచ్చు. మీ చేతిలో పని ఏదీ లేనిదైతే తేదీ వేసి, ఏం జరుగుతుందని భయపడుతున్నారో ఒక్క వాక్యంలో రాయండి, నెల తర్వాత పక్కన ఏం జరిగిందో రాయండి. ఇది తప్పకుండా చేయండి, ఎందుకంటే నిజమైన ఒక్క భయాన్ని మనసు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటుంది, జరగని వంద భయాల లెక్క మాత్రం ఉంచుకోదు. తీవ్రమైన ఆందోళన ఉన్న 29 మంది చేత పది రోజులపాటు ఇలా రాయించి, తర్వాత ఏమైందో చూస్తే వాళ్ల భయాల్లో 91 శాతం నిజం కాలేదని 2020లో ప్రచురించారు. చిన్న అధ్యయనమే. మీ నోట్‌బుక్ లెక్క మీరే చూసుకోండి.

ఒక జాగ్రత్త. ఈ చింత ఆరు నెలలకు మించి దాదాపు రోజూ ఉంటూ, నిద్ర, పని రెండూ దెబ్బతింటుంటే మానసిక వైద్యుణ్ని కలవండి, మందులు గానీ కౌన్సెలింగ్ గానీ బాగా పనిచేస్తాయి. దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి, అది ఎక్కువైనా అచ్చం టెన్షన్‌లాగే ఉంటుంది. కాఫీ ఎక్కువ తాగే అలవాటుంటే తగ్గించి చూడండి.

అబ్బాయికి ఇదంతా వివరించక్కర్లేదు. వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇంతమాత్రం చెప్పండి: 'నీమీద నమ్మకం లేక కాదురా అన్నిసార్లు చేసేది, నాకు భయమేస్తుంది, అది తగ్గించుకోడానికి ప్రయత్నిస్తున్నాను. ఇకనుంచి ఒక్కసారే చేస్తాను. రాత్రి పడుకునేముందు నువ్వొక మెసేజ్ పెట్టు.' ఏదో ఒక రాత్రి వాడు మరిచిపోతాడు. ఆ రాత్రి ఫోన్ చేయకుండా నోట్‌బుక్ తీసి, తేదీ వేసి, ఆ భయాన్ని రాసి పడుకోండి.