వస్త్రపు చెంగు దగ్గర తొందరపడకు

బుజ్జమ్మా,

ఆది క్రైస్తవ సంఘంలో శుద్ధి, అశుద్ధి మీద ఆరు ఆదివారాలు పాఠాలు చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమే, కానీ గుండెల్లో కాస్త దడ కూడా. ఎక్కడ కాలు జారుతుందో తెలిసిన దారి కదా.

తేలిక సంగతులు ముందు. లేవీయకాండం 11 నుంచి 15, సంఖ్యాకాండం 19, మార్కు 7, అపొస్తలుల కార్యములు 10, 15 ఇంటి దగ్గరే చదువుకు రమ్మను. గ్రీకు మాటలు రెండు చాలు: కొయినోస్ అంటే మామూలుది, అకథార్తోస్ అంటే అశుద్ధమైనది. యొప్పే ఊళ్లో యేసు శిష్యుడు పేతురు రెండూ అంటాడు. కానా పెళ్లిలో యేసు నీళ్లను ద్రాక్షారసం చేసిన శుద్ధి బానల పాఠానికి 20 లీటర్ల వాటర్ టిన్ను ఒకటి ముందు పెట్టు. మన బైబిల్లో 'తూము' అన్నది సుమారు 39 లీటర్లు, ఒక్కో బాన రెండు మూడు తూములు పట్టేది, కాబట్టి ఒక్కో బానకు నాలుగు నుంచి ఆరు టిన్నులు. అవి రాతివే ఎందుకో కూడా చెప్పు. అశుద్ధమైన మట్టి పాత్రను పగలగొట్టాలి. రాయికి అశుద్ధం అంటదని రబ్బీల మాట.

ఇక అసలు సంగతి. "యూదులు అంటరానితనం పాటించారు, యేసు వచ్చి తీసేశాడు." ఈ మాట నీ నోట రాకూడదు. మన పల్పిట్ల మీద అరిగిపోయిన మాట ఇది. చెబితే అందరూ తల ఊపుతారు కూడా. మైల, అంటు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి ఊరి చివర వాడ, హోటల్లో వేరే గ్లాసు. ఆ గాయం నిజమే. కానీ లేవీయకాండంలోని అశుద్ధం పుట్టుకతో వచ్చేది కాదు, వంశమంతా మోసేది కాదు. వస్తుంది, గడువు తీరితే, కడుక్కుంటే పోతుంది. శవాన్ని ముట్టుకుంటే 7 రోజులు. మూడో రోజూ ఏడో రోజూ ఎర్ర పెయ్య బూడిద కలిపిన నీళ్లు చల్లించుకోవాలి. భార్యాభర్తలు కలిస్తే స్నానం, సాయంత్రం దాకా ఆగడం. మగబిడ్డ పుడితే 7, 33 కలిపి 40 రోజులు, ఆడబిడ్డకు 80. ఇందులో పాపమేది చెప్పు? తండ్రిని పాతిపెట్టడమా, బిడ్డను కనడమా? హత్య, విగ్రహారాధన తెచ్చే అపవిత్రత వేరు, అది ఏ స్నానంతోనూ పోదు. ఈ రెండింటినీ కలిపేశావంటే తర్వాతి పాఠాలన్నీ వంకరే. చర్మరోగి మాత్రం పాళెం బయట ఉండాల్సి వచ్చేది, అది దాచకు.

అలాంటి రోగిని ముట్టుకున్న యేసే, వెళ్లి యాజకుడికి కనబడు, మోషే చెప్పిన కానుక ఇవ్వు అన్నాడు. శుద్ధి నియమాలన్నీ ఒక్కరోజులో కొట్టేసి ఉంటే, అంతియొకయలో అన్యజనుల, అంటే యూదులు కాని విశ్వాసుల, పంక్తిలోంచి పేతురు లేచిపోవడమెందుకు, పౌలు ముఖం మీదే నిలదీయడమెందుకు?

ఒక ఆదివారం మొత్తం, యేసు వస్త్రపు చెంగు ముట్టి బాగుపడిన రక్తస్రావం గల స్త్రీకే ఇవ్వు. మార్కు పన్నెండేళ్లు, వైద్యులు, ఖర్చయిన డబ్బు అన్నీ చెబుతాడు. అశుద్ధం అన్న మాట మాత్రం అక్కడ లేదు. తర్వాతివాళ్లు ఆమెను ఎలా లాగారో చూపించు. మూడో శతాబ్దపు సిరియా గ్రంథం డిడస్కాలియా, నెలసరి ఏడు రోజులు ప్రార్థన, వాక్యం, ప్రభు భోజనం మానేస్తున్న స్త్రీలను మందలిస్తుంది: ఆత్మ నిన్ను వదిలి వెళ్లిందా ఏమిటి అని. అంటే మానేసేవాళ్లు ఉన్నారన్నమాట. అదే శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్, బసిలిదెస్‌కు రాసిన ఉత్తరంలో, నెలసరిలో ఉన్నవాళ్లు ప్రభు భోజనపు బల్ల దగ్గరికి రాకూడదంటాడు. రక్తస్రావం గల ఆ స్త్రీ సైతం యేసుని కాదు, చెంగునే ముట్టింది కదా అని. 601 నాటిదని చెప్పే, పోప్ గ్రెగరీ పేరుతో ఉన్న జవాబేమో, ఆమె ముట్టడం తప్పు కానప్పుడు వీళ్లు గుడిలోకి రావడం తప్పెలా అవుతుందంటుంది. బల్ల కూడా వద్దనకూడదంటుంది, అయితే భక్తితో తనే ఆగితే మెచ్చుకుంటుంది. ఒకే ఆమె, ఒకే చెంగు. అడ్డుపెట్టినవాడు యూదుడు కాడు తల్లీ, మన బిషప్పే.

వెనక వరుసలో ఏ పెద్దామో అడుగుతుంది, ఆ రోజుల్లో బల్ల తీసుకోవచ్చా అని. పాస్టరుగారి వైపు చూడకు. ముగ్గురి మాటలూ చదివి వినిపించి, తీసుకోవచ్చని నువ్వే చెప్పు. డిడస్కాలియా ముక్క తెలుగు చేశాక నాకు పంపు, 'మైల' అని ఎక్కడ రాశావో చూసి దిద్దుతాను.

మీ మామయ్య