వేతనాల వాటా తగ్గడానికి యంత్రాలే కారణమా?

"పరిశ్రమల ఆదాయంలో కార్మికుల వాటా తగ్గింది టెక్నాలజీ వల్లే కదా, యూనియన్ల బలానికి ఇందులో పాత్ర ఉందా?" అని అడిగారు. ఉంది, చాలా పెద్ద పాత్రే. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు జీతాల లెక్కలు చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను చేరిన కొత్తలో లైన్ మీద దాదాపు అందరూ పర్మినెంట్ వాళ్లే. తర్వాత ఎవరు రిటైరైనా ఆ స్థానంలోకి కాంట్రాక్టర్ పంపిన మనిషి వచ్చేవాడు. అదే మెషీన్, అదే షిఫ్ట్, జీతం మాత్రం సగం కూడా ఉండేది కాదు. దీని అసలు దెబ్బ వేతన ఒప్పందాల దగ్గర తెలిసింది. సమ్మె నోటీసు ఇచ్చినా లైన్ ఆగదని యాజమాన్యానికీ తెలుసు, యూనియన్‌కీ తెలుసు. దాంతో పర్మినెంట్ వాళ్ల పెంపు కూడా ఒప్పందం ఒప్పందానికీ తగ్గుతూ వచ్చింది. కొత్త మెషీన్లు వచ్చింది ఆ తర్వాతే.

లెక్క చిన్నదే. ఒక్కో కార్మికుడి ఉత్పత్తి 10 శాతం పెరిగి, నిజ వేతనం (ధరల పెరుగుదల తీసేశాక మిగిలే జీతం) 4 శాతమే పెరిగితే మిగతాది లాభంలోకి పోతుంది. ఆ 4ని 8 చేయించగలిగేది బేరమాడే శక్తి. దేశం మొత్తం మీదా ఇదే జరిగింది. ప్రభుత్వం చేసే వార్షిక పరిశ్రమల సర్వే ప్రకారం ఫ్యాక్టరీల నికర అదనపు విలువలో (ఉత్పత్తి విలువలోంచి ముడిసరుకులు, ఇంధనం లాంటి ఖర్చులు, యంత్రాల తరుగుదల తీసేస్తే మిగిలేది) కార్మికుల వేతనాలు 1980ల మొదట్లో సుమారు 30 శాతం, 2000ల చివరికి దాదాపు 10 శాతం. ఫ్యాక్టరీ కార్మికుల్లో 2000 ప్రాంతంలో ఐదో వంతు ఉన్న కాంట్రాక్ట్ కార్మికులు 2022-23కి 40 శాతం దాటారు.

చట్టం కూడా ఒక పక్షానికి ఒరిగింది. కాంట్రాక్ట్ పద్ధతిని రద్దు చేసినంత మాత్రాన ఆ కార్మికులు ఆటోమేటిక్‌గా పర్మినెంట్ కారని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్ట్ కార్మిక చట్టాన్ని సవరించి, ప్రధానం కాని పనులన్నింటిలో కాంట్రాక్ట్ పద్ధతికి దారి తెరిచింది. అంతకుముందు, 1982లో బొంబాయి మిల్లుల్లో రెండు లక్షలకు పైగా కార్మికులు సమ్మెకు దిగినా నెగ్గలేకపోయారు. బట్ట బొంబాయి దగ్గరి భివండి పవర్‌లూమ్‌లలో తయారవుతూనే ఉండడంతో యజమానులు ఓపిక పట్టగలిగారు.

యంత్రాల ప్రభావం లేదనను. కానీ వాటి వల్ల వచ్చిన లాభాన్ని ఎవరెంత పంచుకోవాలో యంత్రం చెప్పదు.

మీరే సర్వే పట్టికలు చూడాలనుకుంటే ఒక జాగ్రత్త. 'కార్మికుల వేతనాలు' వేరు, 'మొత్తం జీతభత్యాలు' వేరు. రెండో దానిలో మేనేజర్ల జీతాలూ కలుస్తాయి, అందుకే అక్కడ పతనం తక్కువగా కనిపిస్తుంది.