నీరు తీసింది ఆసుపత్రిలో, పరీక్ష బిల్లు వచ్చింది బయటి నుంచి: క్లెయిం ఎక్కడ తెగిపోయింది?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మకు 63 ఏళ్లు. ఆయాసం ఎక్కువై విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ఆసుపత్రిలో చేర్చాము. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిని తీసి, మూడో రోజున ఇంటికి పంపారు. ఆ బిల్లు క్యాష్‌లెస్‌లో చెల్లిపోయింది. వారం తరువాత ఆ నీటిలో ఊపిరితిత్తి క్యాన్సర్ కణాలు ఉన్నట్లు రిపోర్టు వచ్చింది. అదే నీటి మీద జన్యు పరీక్షలు చేయించమన్నారు. మొదట ఈజీఎఫ్ఆర్ అనే ఒక్క జన్యువు పరీక్షకు 9,500 రూపాయలు, అందులో ఏమీ తేలకపోవడంతో అనేక జన్యువులను ఒకేసారి చూసే ఎన్‌జీఎస్ ప్యానెల్‌కు 32,000 రూపాయలు ల్యాబు ఏజెంటుకు ఫోన్‌పేలో కట్టాను. 'ప్రస్తుత వ్యాధి నిర్ధారణతో సంబంధం లేని పరీక్షలు' అంటూ బీమా కంపెనీ ఈ 41,500 రూపాయలూ ఇవ్వనన్నది. సీపీటీ కోడ్‌లు వేయించి మళ్లీ పంపమని అమెరికాలో ఉన్న మా బావ అంటున్నారు. మందుల ఖర్చు కోసం అమ్మ పేరిట ఉన్న ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఇప్పుడే రద్దు చేయాలా?

జవాబు: ముందుగా మీ బావగారి సలహా సంగతి చూద్దాం. ఆయన చెప్పింది ఆయన ఉన్న దేశానికి సరైన మాటే. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నిర్వహించే సీపీటీ అనే ఆ అయిదంకెల కోడ్‌లలో నీటిలోని కణాలను చిక్కబరిచి చూసే పరీక్షకు 88108, ఆ కణాలను గట్టిపరిచిన ముక్క (సెల్ బ్లాక్) పరిశీలనకు 88305, ఈజీఎఫ్ఆర్ జన్యు పరీక్షకు 81235 అని విడివిడిగా ఉంటాయి. అక్కడ ల్యాబుకు డబ్బు వచ్చేది ఆ అంకెలను బట్టే. మన బీమా క్లెయిం ఫారంలో వాటికి చోటు లేదు. ఇక్కడ ఆసుపత్రి నింపే రెండో భాగంలో అడిగేది వ్యాధికి ఐసీడీ-10 కోడ్. మీ డబ్బు ఆగిపోయింది ఆ గడి దగ్గరేనని మీ ఉత్తరం చదివితే నాకు అనిపిస్తున్నది.

మీ అమ్మగారు ఆసుపత్రిలో ఉన్న మూడు రోజుల్లో వైద్యులకు తెలిసింది ఊపిరితిత్తి చుట్టూ నీరు ఉందన్నంత వరకే. కాబట్టి డిశ్చార్జి సమ్మరీలో ప్లూరల్ ఎఫ్యూజన్ అనీ, కోడ్ గడిలో దానికి వాడే జే90 అనీ రాసి ఉంటారు. అది ఆ రోజుకు అబద్ధం కాదు. అయితే బీమా కంపెనీలో మీ కాగితాలు చూసిన ఉద్యోగి ముందు ఒక పక్క 'నీరు చేరింది' అన్న నిర్ధారణ, మరో పక్క క్యాన్సర్ జన్యువుల పరీక్ష బిల్లు ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపే కాగితం మధ్యలో లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో నాలుగోది, కేవలం పరీక్షల కోసం ఆసుపత్రిలో చేరడాన్నీ, ప్రస్తుత వ్యాధి నిర్ధారణకూ చికిత్సకూ సంబంధించని పరీక్షలనూ తోసిపుచ్చుతుంది. మీకు వచ్చిన తిరస్కరణ వాక్యం ఆ రెండో సగం నుంచి తీసుకున్నదే. చేరికను వారు ఆమోదించి బిల్లు కట్టేశారు కాబట్టి మొదటి సగం మీకు వర్తించదు. మీరు నిరూపించవలసింది సంబంధం ఒక్కటే.

ఆ సంబంధం ఇప్పటికే మీ ఇంట్లో ఉన్న రిపోర్టుల్లో ఉంది. తీసిన నీటిలోని కణాలను ఒకచోట చేర్చి మైనంలో గట్టిపరిచిన ముక్కను సెల్ బ్లాక్ అంటారు. దానికి పాథాలజీ విభాగం ఒక నంబరు ఇస్తుంది. నీటిలో క్యాన్సర్ కణాలున్నాయని చెప్పిన రిపోర్టు మీద ఉండే ఆ నంబరే సాధారణంగా జన్యు పరీక్ష రిపోర్టులోనూ నమూనా వివరాల దగ్గర కనిపిస్తుంది, దాని పక్కనే నమూనా తీసిన తేదీ కూడా ఉంటుంది. ఆ తేదీ మీ అమ్మగారు ఆసుపత్రిలో పడక మీద ఉన్న రోజు. అంటే ఫీజు కట్టింది ఇంటికి వచ్చాకే అయినా, పరీక్షించిన పదార్థం బీమా కంపెనీ తానే బిల్లు కట్టిన ఆ చికిత్సలో తీసినది. రెండు రిపోర్టుల మీదా ఆ నంబరు కింద గీత గీసి పంపండి. ఇరవై పేజీల అర్జీ కన్నా ఆ రెండు గీతలు ఎక్కువ పని చేస్తాయి.

తరువాత ఆసుపత్రికి వెళ్లి డిశ్చార్జి సమ్మరీకి అనుబంధ పత్రం అడగండి. పాత సమ్మరీని దిద్దమని మాత్రం అడగవద్దు. తేదీ వెనక్కి వేసిన కాగితం దొరికితే నిజమైన క్లెయిం కూడా అనుమానాస్పదమవుతుంది. చేరిక సమయంలో తీసిన నీటి రిపోర్టు ఫలానా తేదీన వచ్చిందనీ, దాని ప్రకారం తుది నిర్ధారణ ఊపిరితిత్తి క్యాన్సర్ అనీ, అది ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు పాకిందనీ నేటి తేదీతో రాసిస్తే చాలు. కోడ్‌లుగా ఊపిరితిత్తి క్యాన్సర్‌కు సీ34, పొరకు పాకినందుకు సీ78.2 వస్తాయి, ఏవి వేయాలన్న తుది నిర్ణయం వైద్యులదే. దీనితో పాటు ఏ మందు ఇవ్వాలో తేల్చడానికే ఈ పరీక్షలు రాశాననీ, ఈజీఎఫ్ఆర్‌లో మార్పు కనిపించనందువల్ల ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 వంటి మిగతా జన్యువుల కోసం ప్యానెల్ అవసరమైందనీ క్యాన్సర్ వైద్యుడి నుంచి ఒక లేఖ తీసుకోండి. ప్యానెల్‌లో ఈజీఎఫ్ఆర్ ఎలాగూ ఉంటుంది కనుక, ఈ వివరణ లేకపోతే ఒకే పరీక్షకు రెండుసార్లు కట్టారంటూ 9,500 రూపాయలను కోసేసే వీలుంది. నన్ను ముందే అడిగి ఉంటే, నేరుగా ప్యానెల్‌కే వెళ్లవచ్చా అని వైద్యుణ్ణి అడగమని చెప్పేవాణ్ణి.

ఏజెంటు ఇచ్చిన చీటీ బిల్లు కాదు. పరీక్ష చేసిన ల్యాబు నుంచే రోగి పూర్తి పేరు, నమూనా రకం, నమూనా తీసిన తేదీ, పరీక్ష పేరు ఉన్న అసలు బిల్లు తెప్పించి, ఫోన్‌పే చెల్లింపు వివరాన్ని దానికి జతచేయండి. 'ప్రత్యేక పరీక్షల ఛార్జీలు' అని ఒక్క ముక్క రాసి ఉన్న రసీదును ఎవరూ ఒప్పుకోరు. రోగ నిర్ధారణ పరీక్షలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి బిల్లులో ఆ పద్దు కనిపిస్తే ప్రశ్నించండి. మిగిలిన సెల్ బ్లాక్‌ను తిరిగి ఇమ్మని కూడా ఇప్పుడే అడగండి. రేపు మరో పరీక్ష అవసరమైతే మళ్లీ నీరు తీయించే ఖర్చూ బాధా తప్పవచ్చు.

గడువు సంగతి మీ పాలసీ పత్రంలో చూసుకోవాలి. ఆరోగ్య సంజీవని వంటి ప్రామాణిక పాలసీలో ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజులు, డిశ్చార్జి తరువాత 60 రోజుల ఖర్చులు వర్తిస్తాయి. కొన్ని పాలసీల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. మీ పరీక్షలు డిశ్చార్జి తరువాతి గడువులోనే పడ్డాయి. ఒకవేళ మీ వాదన నెగ్గకపోయినా, కీమో కోసం త్వరలో చేరవలసి వస్తే ఇవే బిల్లులను ఆ చేరికకు ముందటి ఖర్చుగా చూపడానికి వీలుంటుంది, రోజులు దాటకపోతేనే. ఇంట్లో వేసుకునే మాత్రలే సరిపోతాయంటే ఆ దారి మూసుకుపోతుంది. మాత్రల రూపంలోని కీమోథెరపీకి పాలసీలో ఎంత పరిమితి ఉందో వేరుగా చూడండి. ఆరోగ్య సంజీవనిలో అది బీమా మొత్తంలో సగం.

కాగితాలన్నీ చేర్చి కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపండి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విచారించే బీమా అంబుడ్స్‌మన్ వద్దకు వెళ్లవచ్చు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, నిజానికి వకీలును రానివ్వరు కూడా.

డిపాజిట్ మొత్తాన్ని ఇప్పుడు రద్దు చేయవద్దు. ఏ మందు అన్నది ప్యానెల్ రిపోర్టు వచ్చి, వైద్యులు చూశాక గానీ తేలదు. అప్పటివరకు నెలకు ఎంత కావాలో ఎవరూ చెప్పలేరు. అత్యవసరమైతే డిపాజిట్ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుని, వాడుకున్న మొత్తానికే వడ్డీ కట్టండి. మందు తేలాక కూడా ఖర్చు మోయలేనిదిగా కనిపిస్తే, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ కేంద్రంలోనూ ఒకసారి అడిగి చూసిన తరువాతే డిపాజిట్ జోలికి వెళ్లండి.

ఆదాయ పన్నులో తీవ్ర వ్యాధుల చికిత్స ఖర్చుకు ఇచ్చే, 80డీడీబీ అని అందరూ పిలిచే మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే. అమ్మగారు 60 దాటారు కనుక పరిమితి లక్ష రూపాయలు. అందులోంచి బీమా ఇచ్చినంత తగ్గించాలి. ఆమె మీ మీద ఆధారపడి ఉండాలి, క్యాన్సర్ నిపుణుడి ప్రిస్క్రిప్షన్ ఉండాలి. క్యాన్సర్ వైద్యుడి లేఖకు వెళ్లిన రోజే దాన్నీ అడిగి తీసుకుంటే మరోసారి విజయవాడ వెళ్లే పని తప్పుతుంది.

ఈ పాలసీ మీద కోపంతో వేరే కంపెనీకి మారాలని మాత్రం ఈ ఏడాది అనుకోవద్దు. క్లెయింలు చేశారన్న కారణంతో ఇప్పటి కంపెనీ రెన్యువల్ నిరాకరించకూడదు. కొత్త కంపెనీకి మాత్రం మీ దరఖాస్తును కాదనే స్వేచ్ఛ ఉంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. రెన్యువల్ నోటీసులో ఆ పద్దు లేదని చూసుకుని, గడువు తేదీకి ముందే కట్టేయండి.